దారాలు కలిసే చోటు

శబ్దాల సెక్షన్లో ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అందరూ దారాలాయన అనే అంటారు. పక్కింటి యంత్రం మోత భరించలేక ఎవరైనా అర్జీ పెట్టుకుంటే, మీటరు సంచి భుజాన వేసుకుని వెళ్లి, మోత ఎంతుందో కొలిచి, పరిమితి దాటిందో లేదో కాగితం రాసిచ్చేది ఆయనే. కొలిచేవాళ్లు ఆ సెక్షన్లో ఇంకా నలుగురున్నారు. వాళ్లు గదిలోకి వెళ్లి, కంటి అంచనాతో మధ్యలో ఎక్కడో మీటరు నిలబెట్టి, పని అయిందనిపించి వచ్చేస్తారు. ఈయన అలా కాదు. సంచిలోంచి రెండు తెల్లదారపు ఉండలు తీస్తాడు. ఈ మూల నుంచి ఎదుటి మూలకి ఒకటి, ఆ మూల నుంచి దాని ఎదుటి మూలకి ఇంకొకటి బిగించి కడతాడు. రెండు దారాలూ ఒకదాన్నొకటి దాటే చోట, సరిగ్గా ఆ చోటే, మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి దాని నెత్తిన మీటరు బిగిస్తాడు. గోడలకి దూరంగా, గది నడిమధ్యలో కొలవాలని ఆఫీసు పుస్తకంలో ఉంది. పుస్తకంలో ఉన్నదాన్ని వెంట్రుకవాసి తేడా రాకుండా చేసే మనిషి ఊరంతటికీ తనొక్కడే అని ఆయనకి గర్వం. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ గర్వంలో అబద్ధమేమీ లేదు.

ఆయనకి ఇంకో అలవాటు కూడా ఉంది. దారాలు కట్టినంతసేపూ నోరు మూతపడదు. మూలల్లో వంగి కూర్చుని, దారం చిక్కు తీసుకుంటూ, ఎండ గురించి, మోకాళ్ల నొప్పి గురించి, ఆ ఇంటివాళ్లు గోడకి వేయించిన రంగు గురించి ఏదో ఒకటి వాగుతూనే ఉంటాడు. మీటరు మధ్యలో నిలబడ్డాక మాత్రం పెదవుల మీద వేలు పెట్టుకుని "ఉష్" అంటాడు. అప్పుడిక ఇంట్లో పిల్లి కూడా కదలకూడదు. మూలల్లో మాటలు, మధ్యలో మౌనం. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. "చెవిదేముంది, ఆశపడింది వింటుంది, భయపడింది వింటుంది. మీటరుకి ఆశా లేదు, భయమూ లేదు" అంటాడు. ఆయన మాట మీద సెక్షన్ సూపరింటెండెంటు కళ్లు మూసుకుని సంతకం పెట్టేస్తాడు.

అర్జీ పెట్టినవాళ్లలో కొందరుంటారు. మీటరు పెట్టి చూస్తే ఏమీ ఉండదు. "అయ్యో, ఇందాకటిదాకా ఉందండీ, మీరు రాగానే ఆగిపోయింది" అంటారు. ఇలాంటివాటికి సెక్షన్లో ఒక పేరు కూడా పెట్టుకున్నారు, సిగ్గరి మోతలు అని. కొత్త మనిషిని చూస్తే సిగ్గుపడి దాక్కుంటాయట. టీ తాగేటప్పుడు ఒకరి తర్వాత ఒకరు సిగ్గరి మోతల కథలు చెప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్లు. అందరికంటే బాగా చెప్పేది దారాలాయనే.

అలాంటి మనిషికి ఒకరోజు అర్జీల కట్టలో సొంత అక్క చేతిరాత కనపడింది.

అక్క వాచీలు బాగుచేస్తుంది. అది నాన్న దగ్గర నేర్చుకున్న పని. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. ఆ గది పొడుగు పన్నెండు అడుగులకి రెండంగుళాలు తక్కువ, వెడల్పు తొమ్మిది. తలుపు పొడుగు గోడకి సరిగ్గా మధ్యలో ఉంటుంది. తలుపు తీసి రెండడుగులు వేస్తే, వచ్చినవాళ్లు కూర్చోవడానికి గది మధ్యలో ఒక కుర్చీ. ఎడమవైపు చివరి గోడకి ఆనించి అక్క పనిబల్ల. కంటికి భూతద్దం పెట్టుకుని వాచీ మీదకి వంగిందంటే ఆమె నుదుటికీ గోడకీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు. ఆ గోడకి అవతలిది లాండ్రీ. ఆరు నెలల కిందట వాళ్లు ఆవిరి బయటికి తోలడానికి ఒక పెద్ద ఫ్యాను పెట్టించారు. పొద్దున తొమ్మిదికి వేస్తే సాయంత్రం ఐదుకి ఆపుతారు. ఆదివారం సెలవు.

"గోడలోంచి ఒకటే మోత. గట్టిగా ఉండదు, కానీ పోదు. పళ్ల వెనక దూరి కూర్చున్నట్టు ఉంటుంది. వాచీ నడక వినపడనివ్వడం లేదు" అని రాసింది అక్క అర్జీలో.

సొంతవాళ్ల అర్జీ వస్తే ఇంకొకరికి అప్పగించాలి. దారాలాయన అప్పగించలేదు. తనకంటే పద్ధతిగా కొలిచేవాడు ఎవడున్నాడని? పైగా అక్క కదా అని మొగ్గు చూపించాడన్న మాట రాకూడదని, మిగతావాళ్లకి చేసేదానికంటే రెండింతలు జాగ్రత్తగా చేశాడు. మూడుసార్లు వెళ్లాడు. మూడుసార్లూ పనివేళల్లోనే, ఫ్యాను తిరుగుతుండగానే వెళ్లాడు. లాండ్రీ లోపలికి కూడా వెళ్లి, ఫ్యాను మోటారు మీదున్న రేకు చూసి, నిమిషానికి రెండు వేల ఎనిమిది వందల ఎనభై చుట్లు అని రాసుకొచ్చాడు. వీధిలో కొలిచాడు. ఆ పైన దారాలు కట్టి, అక్క గది మధ్యలో కొలిచాడు. ముప్పై ఆరు. మూడుసార్లూ అదే అంకె, డెసిబెళ్లలో. ఖాళీ గది కూడా అంత పలుకుతుంది. తనూ చెవులు రిక్కించి విన్నాడు. ఏమీ లేదు.

"నువ్వు రాగానే ఆగిపోతోందిరా తమ్ముడూ" అంది అక్క మొదటిసారి.

నవ్వొచ్చింది ఆయనకి. రెండోసారి అదే మాట అన్నప్పుడు నవ్వు రాలేదు. మూడోసారి ఆమె నేల చూస్తూ నిలబడింది. "గదిలో చెప్పుకోదగ్గ శబ్దం లేదు" అని కాగితం మీద రాసి సంతకం పెట్టి, దారాలు చుట్టుకుని వచ్చేశాడు.

బావ సిటీ బస్సు డ్రైవరు. తెల్లవారుజామున వెళ్తే మధ్యాహ్నం మూడున్నరకి ఇల్లు చేరతాడు. వస్తూనే మధ్యలో ఉన్న కుర్చీలో కూలబడి చెప్పులు విప్పుకుని లోపలికి వెళ్లి పడుకుంటాడు. ఆయనకెప్పుడూ ఏ మోతా వినపడలేదు. భార్య చెప్పేది వింటుంటే మాత్రం రోజురోజుకీ భయం పెరిగింది. చివరికి తనే దగ్గరుండి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఎప్పుడెప్పుడు వినపడుతుందమ్మా?" అని అడిగాడు డాక్టరు.

"ఒక్కదాన్నే కూర్చుని పని చేసుకుంటున్నప్పుడండీ."

"లోపలి గదిలో ఉన్నప్పుడు?"

"ఉండదండీ."

"ఎవరైనా వస్తే?"

"ఆగిపోతుందండీ."

డాక్టరు తల ఎత్తకుండా ఆ మాట రాసుకుని కింద గీత గీశాడు. నెలకి సరిపడా మందు బిళ్లలు ఇచ్చాడు. మోత తగ్గలేదు గానీ, అక్క చెయ్యి వణకడం మొదలైంది. నెల తిరిగాక, మూడు వారాలు ఆసుపత్రిలోనే ఉంచి మందు పెంచి చూస్తామన్నాడు. నిజంగా మోత లేదని కొలిచిన కాగితం ఉంటే అది కూడా పట్టుకురమ్మన్నాడు.

గురువారం పొద్దున పదింటికి ఆసుపత్రిలో చేరాలి. బుధవారం మధ్యాహ్నం దారాలాయన ఒక పూట సెలవు పెట్టి, కాగితం నకలు జేబులో పెట్టుకుని, ఎక్కడినుంచో కొలత ముగించుకుని వస్తూ అదే సంచితో అక్క ఇంటికి వచ్చాడు.

గది సగం సర్దేసి ఉంది. వాచీల డబ్బాలకి మూతలు బిగించి ఉన్నాయి. అక్క లేచి ఎదురొచ్చింది. "తెచ్చావా?" అంది.

కాగితం ఇచ్చాడు. ఆమె గది మధ్యలో నిలబడి రెండుసార్లు చదువుకుంది. పోట్లాడుతుందేమో, పోట్లాడితే బాగుండునేమో అని కూడా అనిపించింది ఆయనకి.

"నువ్వు లేదన్నావంటే లేదురా" అంది మెల్లగా. "చిన్నప్పట్నుంచీ నీ నోట అబద్ధం రాదు. నా బుర్రలోనే ఏదో తేడా వచ్చింది. రేపు వెళ్తాను."

"మూడు వారాలేగా అక్కా. ఇలా వెళ్లి అలా వచ్చేస్తావు."

"మూడు వారాలని కాదు. ఇటు చూడు." కుడిచెయ్యి ముందుకి చాచింది. వేళ్లు సన్నగా, ఆగకుండా వణుకుతున్నాయి. "ఒక నెల మందుకే ఇలా ఉంది. మొన్న ఒక వాచీ స్ప్రింగు విరగ్గొట్టాను. ముప్పై ఏళ్లలో ఒక్కటి విరగ్గొట్టలేదు నేను. మందు పెంచితే ఈ చెయ్యి ఇంక పనికొస్తుందా? చెయ్యి పోయాక నేనేం చేసుకుని బతకాలి, ఏం చూసుకుని బతకాలి?"

దారాలాయన ఆ వేళ్లనే చూస్తూ మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"సరేలే, ఏడుపుమొహం పెట్టకు" అని అక్కే తేరుకుంది. "ఒక పని చేసిపెట్టు. ఐదింటికి ఒక టీచరమ్మ వచ్చి వాచీ తీసుకెళ్తుంది. అంతా అయిపోయింది, ఒక్క స్క్రూ పెట్టాలి. నాలుగుసార్లు చూశాను, చేతిలోంచి జారిపోతోంది. నీ చెయ్యి వణకదుగా, నువ్వు పెట్టు."

"నేనా? నాన్న గోడగడియారం విప్పి మళ్లీ బిగిస్తే నాలుగు చక్రాలు మిగిలాయి, మర్చిపోయావా?"

"ఇందులో మిగలడానికి ఒక్కటే ఉంది. కూర్చో."

పనిబల్ల ముందున్న ఆ కుర్చీలో ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. అది అక్క కుర్చీ, అంతకుముందు నాన్న కుర్చీ. మొహమాటంగానే కూర్చుని, ఆమె చెప్పినట్టు భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. స్క్రూ ఆవగింజలో సగం కూడా లేదు. పట్టకారుతో దాన్ని పట్టుకుని, "అబ్బో, ఇంత చిన్నదాన్ని అసలు ఎవడు చేశాడే, వాడి కళ్లు..." అని మొదలుపెట్టాడు.

"నోరు ముయ్యి" అంది అక్క. "మాట్లాడితే నీ ఊపిరికే ఎగిరిపోతుంది. ఇంకా వంగు. ఊపిరి బిగపట్టు."

వంగాడు. ఊపిరి బిగపట్టాడు. నుదురు గోడకి జానెడు దూరంలోకి వచ్చింది. గోడ పక్కన నోరు మూసుకుని ఉండటం ఇరవై రెండేళ్లలో ఆయనకి అదే మొదటిసారి.

ఊఁ... అని ఏదో ఉంది. ముందు తన తలలోనే రక్తం పోటెత్తిందనుకున్నాడు. కాదు. చెవుల్లో కంటే దవడల్లో ఎక్కువగా తెలుస్తోంది. సన్నగా, లోతుగా, ఎక్కడా తెంపులేకుండా. ఎంతకీ ముగియని ఒకే ఒక్క అక్షరంలా ఉంది. అర నిమిషం విన్నాడో లేదో, పళ్లు జివ్వుమన్నాయి.

"ఏంటే అక్కా ఇది?" అన్నాడు తల ఎత్తకుండానే.

"ఏది?"

"ఈ మోత!"

అక్క గది మధ్యలో కుర్చీ పక్కన నిలబడి ఉంది. చేతిలో వాచీ ముక్కలు కడిగే పెట్రోలు పళ్లెం. ఆమె మొహం పాలిపోయింది. "నాకేం వినపడట్లేదే" అంది.

"ఇంత మోత వస్తుంటే వినపడకపోవడమేంటే!"

"వద్దురా" అంది అక్క. "నాతో ఆటలాడకు. రేపు వెళ్తానన్నానుగా, ఇంకా ఈ పరీక్షలెందుకు? ఒంటరిగా ఉన్నప్పుడే వస్తుంది నాకు. ఇప్పుడు లేదు."

"అమ్మతోడు అక్కా. నాకు వినపడుతోంది."

పట్టకారు బల్ల మీద పెట్టేసి లేచాడు. ఆమె వైపు ఒక అడుగు వేశాడు. మోత పలచబడింది. ఇంకో అడుగు వేశాడు. దాదాపు పోయింది. మూడోది వేసేసరికి, దీపం ఆర్పినట్టు, లేదు. గిరుక్కున తిరిగి గోడ దగ్గరికి వెళ్లాడు. ఉంది. మధ్యలోకి వచ్చాడు. లేదు. అలా మెడ ముందుకి చాచి, కళ్లు పెద్దవి చేసుకుని ఆ గదిలో అటూ ఇటూ ఏడెనిమిదిసార్లు తిరిగాడు. చూసేవాళ్లెవరైనా ఉంటే ఆసుపత్రిలో రేపటి మంచం ఆయనకే ఇప్పించేవాళ్లు.

"నువ్వు రా. నువ్వు కూర్చో" అని పళ్లెం పక్కన పెట్టించి, అక్కని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆమె కుర్చీలో కూలేశాడు. తను పక్కనే నిలబడ్డాడు. "ఉందా?"

ఆమె కాసేపు విని, బిక్కమొహంతో చూసింది. "వచ్చింది."

"నేనిక్కడే ఉన్నానుగా. మనిషి వస్తే ఆగిపోతుందన్నావు."

"అవును... ఆగలేదు..."

"ఇప్పుడు లే. మధ్యలోకి రా."

వచ్చింది. నిలబడింది. "పోయింది" అంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్కకే ముందు వెలిగింది. "ఎవరైనా తలుపు కొడితే నేను లేచి ఎదురొస్తాను కదరా" అంది, ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నట్టు. "వాళ్లొచ్చారని అది ఆగడం కాదు. నేను ఇక్కడికొచ్చి నిలబడుతున్నాను. వాళ్లూ ఇక్కడే నిలబడుతున్నారు."

"నేనూ ఇక్కడే నిలబడ్డాను" అన్నాడు తమ్ముడు.

సంచిలోంచి మీటరు తీశాడు. ఈసారి దారాలు లేవు, స్టాండు లేదు. చేత్తో పట్టుకుని మధ్యలో మొదలుపెట్టాడు. ముప్పై ఆరు. గోడ వైపు ఒక్కో అడుగూ వేస్తుంటే అంకె ఎక్కుతూ పోయింది. నలభై తొమ్మిది, యాభై ఎనిమిది. గోడకి ఆనించేసరికి అరవై ఆరు, పరిమితికి పైనే. ఆ మీటరు అరవై ఆరు చూపించడం ఆయనకి కొత్త కాదు. ఈ గదిలో చూపించడమే ఆయన్ని నిలువునా కుంగదీసింది. అయినా పని మరిచిపోలేదు. తిరిగి మధ్యలోకి వచ్చి, ఈసారి లాండ్రీకి దూరంగా ఉన్న కుడిచివరి గోడ దగ్గరికి వెళ్లాడు. అక్కడా అరవై ఆరే.

"ఇదేంటి? ఫ్యాను అటువైపు కదా. దూరం పోయేకొద్దీ తగ్గాలి గానీ, తగ్గి మళ్లీ పెరగడమేంటి?" అన్నాడు నోరెళ్లబెట్టి.

అక్క పెట్రోలు పళ్లేన్ని రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుంది. "ఇది పట్టుకుని లోపల్నుంచి నడిచి వస్తాను రోజూ. ఒక్కోరోజు నా నడకా దీని ఊగులాటా ఒకే లెక్కలో పడతాయి. అప్పుడు చూడు ఎలా ఒలుకుతుందో" అంటూ పళ్లేన్ని అటూ ఇటూ సన్నగా ఊపింది. మొదట పెట్రోలు చిందరవందరగా కదిలింది. ఆమె ఊపు సరిచేసుకుంది. వాచీల నడక సరిచేసే మనిషికి ఆ లెక్క ఒంట్లోనే ఉంటుంది. రెండు క్షణాల్లో పళ్లెంలో పెట్రోలు ఒక పద్ధతిలో పడింది. ఎడమ అంచున లేస్తే కుడి అంచున పడుతోంది, కుడివైపు లేస్తే ఎడమవైపు పడుతోంది. "అంచులు చూడకు. మధ్యలో చూడు" అంది.

మధ్యలో లేవడమూ లేదు, పడటమూ లేదు. రెండు అంచులూ అంతలేసి ఎగిరి పడుతుంటే, నడుమ ఉన్న గీత మాత్రం తనకేమీ తెలియనట్టు అదే ఎత్తులో ఉంది.

దారాలాయనకి ఎప్పుడో ఉద్యోగంలో చేరిన కొత్తలో, శిక్షణ తరగతిలో, సగం నిద్రలో విన్న పాఠం ఒక్కసారిగా బయటికొచ్చింది. గోడ నుంచి బయల్దేరిన అల ఎదుటి గోడకి కొట్టుకుని తిరిగి వస్తుంది. వెళ్లేదీ వచ్చేదీ ఒకదాని మీద ఒకటి పడతాయి. గది పొడుగు అల పొడుగులో సరిగ్గా సగమైతే, ఆ రెండూ కలిసి ఇక ముందుకీ పోవు, వెనక్కీ పోవు. ఉన్నచోటే నిలబడి ఊగుతాయి. గోడల దగ్గర గాలి ఒత్తిడి ఎగసి పడుతుంది, మధ్యలో మారకుండా ఉండిపోతుంది. చెవి వినేదీ, మీటరు కొలిచేదీ ఆ ఒత్తిడి మార్పునే.

అక్కకిచ్చిన కాగితమే తీసుకుని, దాని వెనకే లెక్క వేశాడు. నిమిషానికి రెండు వేల ఎనిమిది వందల ఎనభై చుట్లంటే సెకనుకి నలభై ఎనిమిది. శబ్దం సెకనుకి పదకొండు వందల నలభై అడుగులు పోతుంది. నలభై ఎనిమిదితో భాగిస్తే ఇరవై మూడు ముప్పావు. అందులో సగం, పన్నెండు అడుగులకి అంగుళమున్నర తక్కువ.

"ఈ గది పన్నెండుకి రెండంగుళాలు తక్కువ" అన్నాడు.

వెధవ ఫ్యాను కాస్త నెమ్మదిగా తిరిగినా, గది ఒక మూరెడు అటూ ఇటూ అయినా ఇంత గొడవ లేదు. లెక్క కుదరక కుదరక ఇక్కడే కుదరాలా? ఒకటి మాత్రం నిజం. కంటి అంచనాతో మీటరు పెట్టే మిగతా నలుగురిలో ఎవడొచ్చినా అడుగో రెండడుగులో పక్కకి పెట్టి ఉండేవాడు. అంకె ఎక్కేది. ఊళ్లో అందరికంటే జాగ్రత్త గల మనిషి వచ్చాడు కాబట్టే, దారాలు కట్టి మరీ, ఏమీ వినపడని ఆ ఒక్క చోటునే వెతికి పట్టుకుని మూడుసార్లు అక్కడే నిలబడ్డాడు.

మూడున్నరకి బావ వచ్చాడు. అలవాటు ప్రకారం మధ్య కుర్చీలో కూలబడబోతుంటే బావమరిది రెక్క పట్టుకుని ఆపాడు. "అక్కడొద్దు బావా. ఇటు రా. అక్క కుర్చీలో కూర్చుని ముందుకి వంగు. మాట్లాడకు."

"ఏంటయ్యా ఈ వేషాలు..." అంటూనే కూర్చున్నాడు బావ. వంగాడు. కాసేపు విన్నాడు. ఆ తర్వాత, "మా బండి స్టాండులో ఇంజను ఆపకుండా నిలబెట్టినట్టుందే" అన్నాడు. అనేశాక గానీ తనేమన్నాడో తెలియలేదు. మెల్లగా తిరిగి భార్య వైపు చూశాడు. "ఇదేనా?" అన్నాడు. "ఆరు నెలల నుంచి నువ్వు చెప్పింది ఇదేనా?"

ఆమె తల ఊపింది.

"నేను నీ చేత మందులు మింగించాను" అన్నాడు బావ. అంత లావు మనిషి, మొహం రెండు చేతుల్లో పెట్టుకుని పసివాడిలా ఏడ్చాడు. "నోరు తెరువు అని దగ్గర కూర్చుని మరీ మింగించాను."

"మీరేం చేస్తారండీ, మీరు భయపడ్డారు" అంది ఆమె. భర్త మీద ఆమెకి కోపం రాలేదు. తమ్ముడి వైపు తిరిగింది. అప్పుడొచ్చింది కోపం, ఆరు నెలలుగా దాచిపెట్టింది మొత్తం. "నువ్వు మూడుసార్లొచ్చావు కదరా. గది పొడుగు కొలిచావు, వెడల్పు కొలిచావు, వీధి కొలిచావు, వాళ్ల ఫ్యాను మీద రేకు కూడా చదువుకొచ్చావు. 'అక్కా, నువ్వెక్కడ కూర్చుంటావు, నేనొకసారి అక్కడ కూర్చుంటాను' అని ఒక్క మాట అన్నావా?"

"పుస్తకంలో..." అని మొదలుపెట్టి, నాలుక కరుచుకున్నాడు దారాలాయన. ఆయనకి తల కొట్టేసినట్టయింది. అక్క తిట్టినందుకు కాదు, తిట్టినదాంట్లో ఒక్క ముక్క కూడా కాదనడానికి లేనందుకు. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బల్ల మీద పెట్టాడు.

బావ డాక్టరుకి ఫోను చేశాడు. డాక్టరు మొదట నమ్మలేదు. దారాలాయన ఫోను అందుకుని అంకెలు చెబితే ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత, మంచం అక్కర్లేదనీ, మందు ఉన్నట్టుండి ఆపకుండా రేపు వస్తే కొంచెం కొంచెంగా తగ్గిద్దామనీ, కొన్ని వారాల్లో చెయ్యి కుదుటపడుతుందనీ చెప్పాడు.

"లాండ్రీకి రేపే నోటీసు రాస్తాను. ఫ్యానుని గోడ నుంచి తప్పించాలి. ఎంత లేదన్నా పదిహేను రోజులు పడుతుంది" అన్నాడు దారాలాయన.

"పదిహేను రోజులు నేను ఆ గోడ పక్కన కూర్చోను" అంది అక్క. గది మధ్యకి చూసి, "నీ దారాలేవి?" అంది.

ఈ మూల నుంచి ఆ మూలకి ఒకటి, ఆ మూల నుంచి ఈ మూలకి ఒకటి. ఈసారి మూలల్లో ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మూలమూలనా మోత వినపడింది. బావా బావమరుదులిద్దరూ బల్లని చెరో పక్కా పట్టుకుని, ఆయాసపడుతూ తెచ్చి, అక్క కూర్చుంటే తల సరిగ్గా దారాలు కలిసే చోటికి వచ్చేలా నిలబెట్టారు. దీపం తీగ అందకపోతే బావ లోపలి గదిలోంచి వేరే తీగ లాగాడు. తలుపు తీస్తే బల్లకి కొట్టుకునేట్టుంది. అయినా ఎవరూ పట్టించుకోలేదు.

అక్క కూర్చుంది. టీచరమ్మ వాచీ చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఫ్యాను తిరుగుతూనే ఉంది. టైము నాలుగుంబావు. ఆమె కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"నడక వినపడుతోందిరా" అంది చివరికి. "ఆరు నెలలైంది పగటిపూట వాచీ నడక విని." కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. స్క్రూ మాత్రం తమ్ముడే పెట్టాడు, ఊపిరి బిగపట్టి, ఒక్క ముక్క మాట్లాడకుండా.

ఆయన వెళ్లబోతుంటే అక్క గుమ్మం దాకా వచ్చింది. కోపం చల్లారిపోయింది. ఉన్నమాట చెప్పే గొంతుతో, "నేను నీ అక్కని కాబట్టి మూడుసార్లొచ్చావు" అంది. "మిగతావాళ్ల దగ్గరికి ఒక్కసారే వెళ్లుంటావు కదరా."

ఆ మాట ఇంటిదాకా వెంట వచ్చింది. ఇంట్లోనూ వదల్లేదు.

పొద్దున్నే సూపరింటెండెంటు ముందు కొత్త కాగితం పెట్టాడు. మూడు పాత కొలతలూ తప్పని తనే రాశాడు. సూపరింటెండెంటు చదివి, "పుస్తకం ప్రకారమే చేశావుగా, ఇందులో నీ తప్పేముంది? అనవసరంగా మీదేసుకోకు" అన్నాడు. దారాలాయన పాత రిజిస్టర్లు దింపించుకున్నాడు. "మీరు రాగానే ఆగిపోయింది" అన్నవాళ్ల పేర్ల పక్కన సెక్షన్లో ఎర్రసిరాతో 'సి' అని రాసుకునేవాళ్లు. సిగ్గరి మోత అన్నమాట. తన చేత్తో రాసినవి లెక్కపెట్టాడు. నూట పద్నాలుగు. అన్నీ ఇలాంటివే అయి ఉండవు. కొన్ని నిజంగా ఉత్త భయాలే అయి ఉండొచ్చు. ఎన్నో, ఎవరివో, తెలుసుకునే దారి తను మూసేశాడు. ఎందరు ఇళ్లు మారారో, ఎందరు మందులు మింగారో తెలియదు. టీ తాగేటప్పుడు తను చెప్పిన కథలకి అందరూ నవ్వడం గుర్తొచ్చి ఒళ్లు సిగ్గుతో మండిపోయింది.

నాలుగేళ్ల కిందటి పేజీలో ఒక ఎంబ్రాయిడరీ పనావిడ పేరు దొరికింది. బాగా గుర్తుంది. ఆవిడ మాట్లాడినట్టే గొంతు పెట్టి ఆ కథ ఎన్నోసార్లు చెప్పాడు. మీటరు సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. దారపు ఉండలు సొరుగులోనే ఉండిపోయాయి.

ఆవిడ అదే ఇంట్లో ఉంది. తలుపు తీసి, ఎవరో గుర్తుపట్టి, ఒక్క అడుగు వెనక్కి వేసింది. చెవుల్లో దూది ఉంది. "నేను మళ్లీ అర్జీ ఏం పెట్టలేదండీ" అంది గాభరాగా. "అప్పుడేదో తెలియక రాశాను. అలవాటైపోయింది నాకు."

"తెలుసమ్మా. నేనే వచ్చాను."

ఆవిడ ఏమనుకుందో ఏమో, లోపలికెళ్లి ఒక కుర్చీ తెచ్చి, మర్యాదగా తువ్వాలుతో తుడిచి, గది మధ్యలో వేసింది. దారాలాయన ఆ కుర్చీ వైపు చూశాడు. కూర్చోలేదు.

"ఇక్కడ కాదమ్మా" అన్నాడు. "మీరు రోజూ పని చేసుకునేది ఎక్కడ? నన్ను కాసేపు అక్కడ కూర్చోనివ్వండి."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఆ తర్వాత చెవుల్లోంచి దూది తీసి, కిటికీ పక్క గోడకి ఆనించి ఉన్న చిన్న పీట చూపించింది. ఆయన వెళ్లి దాని మీద కూర్చుని, నోరు మూసుకున్నాడు.